కాగు కింద అడుగు

వైనీ మాప్సన్ ఊడ్చిన వాకిట్లో ఈగ కూడా కాళ్ళు తుడుచుకుని వాలేది. వట్టి మాట కాదు, నేను చూశాను. కోళ్ళు ఆ వాకిలి తొక్కటానికి సిగ్గుపడి చుట్టూ తిరిగి వెళ్ళేవి. మా హికరీ క్రీక్‌లో అందరం వాకిలి ఊడ్చేవాళ్ళమే. ముంగిట్లో గడ్డిపరక కనిపించిందంటే ఆ ఇంటి ఆడది తల దువ్వుకోనట్టే లెక్క. కానీ వైనీ ఊడవటం వేరు. అడవిలో పొద కొమ్మలు విరుచుకొచ్చి కట్టకట్టి, ఆ చీపురుతో మెట్ల దగ్గర మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ గేటు దాకా ఊడ్చేది. తన అడుగు జాడ కూడా తనే చెరిపేసేది. ఎర్రమట్టి మీద చీపురు గీతలు అప్పుడే నూనె రాసి పాపిడి తీసిన తలలా ఉండేవి.

నా పేరు లూడీ స్టార్క్స్. వాగుకి ఇవతల మాది, అవతల వాళ్ళది. వాళ్ళ పొయ్యి మీద ఏం ఉడుకుతోందో వాళ్ళ పిల్లల కంటే ముందు నా ముక్కుకి తెలిసేది. వైనీ సంగతి చెప్పాలంటే అలబామా మొత్తంలో నా తర్వాతే ఎవరైనా.

మనిషి ఎంత పొడుగంటే చర్చిలో లేచి నిలబడితే ముందు వరసలో వాళ్ళ మీద నీడ పడేది. మాటలు మాత్రం బొత్తిగా తక్కువ. ఏడాదికి ఇచ్చిన మాటల్ని పొదుపుగా వాడుకుంటున్నట్టు ఉండేది. ఆ లోటంతా ఆమె మొగుడు ఓజెల్ తీర్చేవాడు. కంచరగాడిదతో మాట్లాడేవాడు, నాగలితో మాట్లాడేవాడు, ఎవరూ దొరక్కపోతే తన టోపీతో మాట్లాడేవాడు. అతను నవ్వితే వాగు ఇవతల మా ఆవు పాలు చేపటం మానేసేది. వాళ్ళ పొలం వాళ్ళ సొంతం. ఓజెల్ తండ్రి పైన్ చెట్లకు గాట్లు పెట్టి జిగురు తీసే పనిలో వీపు వంగిపోయేదాకా చాకిరి చేసి కొన్న నేల. అందులో ఒక ఊట ఉండేది, ఎంత ఎండ కాసినా ఎండేది కాదు. జిన్నింగు మిల్లు ఓనరు మిస్టర్ కిల్గో ఆ ఊట పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా గుర్రాన్ని ఆపి, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా చూసేవాడు.

ముందు మీకు రెవరెండ్ టబ్స్ సంగతి చెప్పాలి. ఆయన ఊరూరా తిరిగి వాక్యం చెప్పే బోధకుడు. వాక్యం కంటే కోడి మీద ధ్యాస ఎక్కువ. వైనీ ఇంట్లో మకాం పెట్టి పెట్టల్ని తిన్నాడు, పుంజుని తిన్నాడు, చివరికి పొదుగుతున్న కోడి వైపు చూపు తిప్పాడు. ఆయన మకాం ఎత్తి వీధిలోకి అడుగు పెట్టగానే వైనీ గుప్పెడు ఉప్పు తెచ్చి ఆయన అడుగుల మీద చల్లి, మెట్ల నుంచి గేటు అవతలికి ఊడ్చేసింది. మా ఆడవాళ్ళందరికీ తెలిసిన పనే ఇది. ఉప్పు చల్లి ఎవరి అడుగు ఊడిస్తే వాళ్ళ కాలు మళ్ళీ ఆ గుమ్మం ఎక్కదు. నిజంగానే టబ్స్ మళ్ళీ రాలేదు. రావాలని బయలుదేరితే మా వాగు దగ్గర కాళ్ళు అడ్డం తిరిగి పక్క జిల్లాకి తీసుకుపోయాయట.

దానికి తిరుగు మంత్రం కూడా ఉంది. మా ముత్తవ్వలు బానిసలుగా ఉన్నప్పుడు దొరకి వినపడకుండా ప్రార్థన చేసుకోవాలంటే గుమ్మం దగ్గర ఇనప కాగు బోర్లించేవాళ్ళు. గొంతులన్నీ కాగు కిందికి పోయి అక్కడే ఆగిపోయేవి. కాగు బోర్లిస్తే కిందున్నది ఎక్కడికీ పోదు. అందుకే ఎవరైనా దూరం వెళ్తే, వాళ్ళ చివరి అడుగు మీద కాగు బోర్లిస్తాం. ఆ మనిషి కాలు ఇంకెక్కడా కుదురుకోదు. ఇంటికి తిరిగి రావాల్సిందే.

ఇక బ్యాంకులు మూతపడిన కాలం వచ్చింది. పత్తి అమ్మితే గోనెపట్టా ఖర్చు కూడా వచ్చేది కాదు. మాకు ఆకలి కొత్తేమీ కాదు. అది మేనత్త లాంటిది, చెప్పకుండా వచ్చి మంచమెక్కి కూర్చుంటుంది. మేం కాస్త పక్కకి జరుగుతాం. తెల్లవాళ్ళకి ఆ అలవాటు లేదు. వాళ్ళ గడప తొక్కేసరికి, ఈమెని ఎవరు పంపించారా అని మా వైపు చూడటం మొదలుపెట్టారు.

జిన్నింగు మిల్లు దగ్గర పద్ధతి ఒకటుంది. నువ్వు కోడి కూయకముందే బండి తోలుకొచ్చి నిలబడు, తెల్లవాడి బండి ఎప్పుడొచ్చినా నీ బండి వెనక్కి పోవాలి. ఆ ఏడు పత్తి ఏరే రోజుల్లో ఓజెల్ అలా వెనక్కి వెనక్కి జరిగి, చివరికి మిల్లు వాకిట్లోంచి రోడ్డు మీదికొచ్చాడు. మళ్ళీ ఎలాగో ముందుకొచ్చేసరికి కిల్గో బావమరిది బండి అడ్డం దూరింది. ఓజెల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“అయ్యా, ఈసారి నా వంతండి,” అన్నాడు.

కిల్గో కళ్ళు ఇంతింత చేశాడు. “వంతా? నీకు వంతెవడిచ్చాడ్రా?”

“పొద్దుటి నించి నిలబడ్డానండి. నా కంచరగాడిద బండికి కట్టినప్పుడు పడుచుదండి. ఇప్పుడు దాని గడ్డం నెరిసిపోయిందండి.”

ఆ మాటకి పక్కనున్న తెల్ల కుర్రాడొకడు ఫక్కున నవ్వాడు. అంతే. ఓజెల్ అన్న మాటకి కాదు, ఆ నవ్వుకి కిల్గో మెడ ఎర్రబడింది. పంది కోసినప్పుడు నెత్తురు కూడా అంత ఎర్రగా ఉండదు. మా ఆయన రూఫస్ అక్కడే తన బండి మీద ఉన్నాడు. కిల్గో తన మనుషుల్ని పక్కకి పిలవటం చూసి, బండీ పత్తీ అక్కడే వదిలేసి ఓజెల్ మోచెయ్యి పట్టుకున్నాడు.

“పొద్దు వాలకముందే వస్తారురా. ఇంటికి పోయి చెప్పెయ్, ఇంట్లో మాత్రం ఉండకు.”

మిట్టమధ్యాహ్నం ఓజెల్ బండి తోలుకుని ఇంటికొచ్చాడు. నేను అప్పటికే అక్కడున్నాను. మా ఆయన అడ్డదారిన వచ్చి మిల్లు కబురు చెప్పటం పూర్తికాకముందే పరిగెత్తాను మరి. వైనీ అప్పుడే తెల్లవాళ్ళ బట్టలు ఉడకేసి, వాకిలి రెండోసారి ఊడ్చింది. పెద్దపిల్ల ఓరా బట్టలు ఆరేస్తోంది. చిన్నవాళ్ళు మెట్ల మీద చిలగడదుంప తింటున్నారు.

“ఏమే వైనీ, మొహం అలా పెట్టకే,” అన్నాడు ఓజెల్. “చొక్కా గుండీ ఊడింది. ఊరెళ్ళేవాణ్ణి ఇలా పంపిస్తావా?”

వైనీ సూది తెచ్చింది. అతను నిలబడే ఉన్నాడు, ఆమె ఒంటి మీదే గుండీ కుట్టింది. దారం పంటితో కొరికినప్పుడు ఆమె నుదురు అతని గుండెకి తగిలింది. అంతే. కౌగలింతలు, శోకాలు ఏమీ లేవు. నాకే ఏడుపొచ్చి ఆప్రాన్ నోట్లో కుక్కుకున్నాను.

“కంచరగాడిదకి రోజూ రెండు మాటలు చెప్పండర్రా,” అన్నాడు పిల్లలతో. “లేకపోతే బెంగ పెట్టుకుంటుంది.”

చిత్తడి అడవి దాటితే రైలు పట్టాలు. అటే పోయాడు.

వైనీ బట్టలు ఉడకేసిన ఇనప కాగులోని నీళ్ళు ఒంపేసింది. గేటు దగ్గర తడిమట్టిలో అతని కుడికాలి అడుగు దిగి ఉంది. బూటు అడుగుకి పాత టైరు ముక్క కొట్టించుకున్నాడు, ఆ గాట్లు కూడా పడ్డాయి. దాని మీద కాగు బోర్లించింది. మిగతా అడుగులన్నీ ఎటు పోయాయో తెలియకుండా ఊడ్చేసింది.

పొద్దు వాలుతుండగా కిల్గో కారు వచ్చింది. వెనక ఇంకో బండి నిండా మనుషులు. ఇల్లంతా వెతికారు. పరుపు కోసి పత్తి పీకారు. మొక్కజొన్న కొట్టులో కర్రలు పెట్టి పొడిచారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి అడిగారు. వాళ్ళకి నిజంగానే ఏమీ తెలీదు. నేను కోళ్ళగూడు వెనక నక్కి ఉన్నాను. నా గుండె చప్పుడుకి కోళ్ళు లేచి అటూ ఇటూ నడిచాయి.

వెతికి వెతికి అలిసిపోయి కిల్గో వచ్చి దేని మీద కూర్చున్నాడనుకున్నారు? కాగు మీద. తుపాకి ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు చాపుకుని.

“వెచ్చగా ఉందే.”

“బట్టలు ఉడకేశానండి.”

“బోర్లించావేం?”

“నీళ్ళు ఓడాలనండి.”

కిల్గో చుట్ట ముట్టించి, నుసి కాగు మీదే దులిపాడు. “చూడవే వైనీ. నేను మంచివాణ్ణి. ఆడాళ్ళనీ పిల్లల్నీ ముట్టను. కానీ నీ మొగుడు ఈ నేల మీద మళ్ళీ అడుగు పెట్టాడో, ఆ అడుగే ఆఖరు. ఏడాదికి రానీ, పదేళ్ళకి రానీ. స్టేషన్లో నా మనుషులుంటారు. తెలిసిందా?”

“తెలిసిందండి.”

అతని బరువుకి కాగు అంచు మట్టిలోకి కాస్త దిగింది. వైనీ కళ్ళు అక్కడే ఉన్నాయి. అతని మొహం చూడలేదు. వాళ్ళు వెళ్ళగానే చీపురు తీసుకుని ఆ బూటు జాడలన్నీ ఊడ్చింది.

“ఏడువు సిస్టర్, మనసు తేలికవుతుంది,” అన్నాను నేను.

“రొట్టె మాడుతోంది,” అని లోపలికి వెళ్ళింది.

కిల్గోది ఉత్త బెదిరింపని ఎవరూ అనుకోలేదు. అంతకుముందు ఏడు లూషస్ వీమ్స్ అనే కుర్రాడు ఇలాగే పారిపోయి, తల్లి చనిపోతే మట్టి వేద్దామని వచ్చాడు. ఆ అంత్యక్రియల్లో శవపెట్టెలు రెండు లేచాయి.

ఆ రోజు నించి వైనీ కాగు ఎత్తలేదు. వానకి తడవకుండా చుట్టూ చిన్న కాలవ తీసింది. ఊడుస్తుంటే చీపురు దాని చుట్టూ తిరిగేది. చూసేవాళ్ళకి వాకిలి మధ్యలో నల్లటి సుడిగుండం ఉన్నట్టుండేది. కాగు లేకపోతే బట్టలెలా ఉడుకుతాయి? తెల్లవాళ్ళ ఇళ్ళ నించి వచ్చే ఉతుకుడు పనే ఆ ఇంటికి తిండి. నా కాగు ఇచ్చేదాన్ని, కానీ ముందు మా బట్టలు కావాలి కదా. సోమవారం ఇచ్చిన దుప్పట్లు శుక్రవారం తిరిగొస్తే ఏ దొరసాని ఊరుకుంటుంది? ఒక్కొక్క ఇల్లే జారిపోయింది. చెరుకు పాకం అయిపోయింది. ఉప్పు పంది మాంసం అయిపోయింది. తర్వాత ఉప్పే అయిపోయింది. మొక్కజొన్న పిండి జావలా కాచి తాగేవాళ్ళు. పిల్లలు ఎంత చిక్కిపోయారంటే గాలివాన వస్తే నేను వెళ్ళి పట్టుకోవాల్సొస్తుందేమో అనిపించేది.

చర్చి ఆడవాళ్ళు ఊరుకోలేదు. “మొగుడి మీద ప్రేమ ఉండాలిగానీ ఇంత బరువుదా సిస్టర్?” అని ఒకావిడ అంటే, “మా ఆయన పోతే నేను గరిట బోర్లిస్తా, అది చాలు ఆయనకి” అని ఇంకొకావిడ. వైనీ నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. అసలు వినపడిందో లేదో. దున్నింది, విత్తింది, పత్తి ఏరింది, కంచరగాడిదకి రెండు మాటలు చెప్పింది. ఆ రెండూ ఏమిటో నేను కంచె పక్కన నిలబడి విన్నాను. “పద. ఆగు.”

మళ్ళీ చలి మొదలైనప్పుడు కబురొచ్చింది. మా అన్న కొడుకు సిమ్స్ రైల్లో సామాను మోసే పని చేసేవాడు. ఉత్తరాలు మా ఊరి పోస్టాఫీసులో కిల్గో మనుషుల చేతుల మీదుగా వచ్చేవి, అందుకని కబుర్లన్నీ సిమ్స్ నోట్లోనే వచ్చేవి. వాణ్ణి నేనే వెంటపెట్టుకుని వైనీ ఇంటికి తీసుకెళ్ళాను. దారిలోనే అంతా పిండేశాననుకోండి.

“బతికే ఉన్నాడు పెద్దమ్మా,” అన్నాడు సిమ్స్. “క్లీవ్‌లాండ్‌లో. పని లేదు. పొద్దున్నే సూపు కోసం లైన్లో నిలబడతాడు. ‘ఇక్కడ మాత్రం నా వంతు నాకిస్తున్నారురా సిమ్స్, ఆ వంతులో సూపే ఉండట్లేదు’ అన్నాడు.”

ఓరా నవ్వింది. ఏడాది తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడింది.

“ఇంకేమన్నాడు?” అంది వైనీ.

“క్రిస్మస్‌కి వస్తానన్నాడు. ఆగలేకపోతున్నాడంట. కుడికాలు ఇటు లాగుతోందంట పెద్దమ్మా. పడుకుంటే ఆ పాదం దానంతటది దక్షిణం వైపు తిరుగుతోందంట. లైన్లో నిలబడినా ఆ కాలొకటి పక్కకి పోతోందంట. జనం తిడుతున్నారంట.”

నేను ఎగిరి గంతేశాను. “కాగే! కాగే లాగుతోంది! యేసయ్యకి స్తోత్రం!” ఓరా చెల్లెళ్ళని పట్టుకుని వాకిలంతా తిరిగింది. సాయంత్రానికి ఈ మాట వాగు పొడుగునా పాకింది. నేను చెప్పాననే అందరూ అంటారు. వాగు దానంతటదే చెప్పేసేది, అంత పెద్ద కబురు.

వైనీ మాత్రం మెట్ల మీద కూర్చుని కాగు వైపు చూస్తోంది. సిమ్స్‌ని అడిగింది. “స్టేషన్లో ఎవరున్నార్రా?”

సిమ్స్ టోపీ తిప్పుతూ నిలబడ్డాడు. “ఎప్పుడూ ఉండేవాళ్ళే పెద్దమ్మా. కిల్గో గారి బావమరిదీ, ఇంకొకడూ. రైలు దిగిన ప్రతి మనవాడి మొహం చూస్తారు.”

“రావద్దని చెప్తావా?”

“చెప్పాను. నీ మీద ఒట్టేసి చెప్పాను. ‘నాకూ తెలుసురా, కాలుకి తెలియటం లేదు’ అన్నాడు.”

వైనీ తలూపింది. నాకు అప్పటికీ అర్థం కాలేదు. ఇంకా సంతోషంలోనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే వాగు దాటి మా ఇంటికొచ్చింది. ఏ వస్తువూ అరువడగని మనిషి.

“సిస్టర్ లూడీ, ఉప్పుందా?”

“ఉంది. ఏం వండుతున్నావేంటి?”

“గుప్పెడు చాలు.”

పొట్లం కట్టి ఇచ్చాను. ఇచ్చాక వెలిగింది, ఆ ఉప్పు దేనికో. ఆమె వెనకే పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి వైనీ కాగు అంచు పట్టుకుని ఉంది. ఓరా ఆమె నడుము పట్టుకుని వెనక్కి గుంజుతోంది.

“వద్దమ్మా! నాన్న వస్తున్నాడమ్మా! వస్తున్నాడు కదా!”

“అందుకే,” అంది వైనీ.

“నీకు నాన్న అక్కర్లేదు! ఆకలేసి, కాగు కావాలని ఎత్తుతున్నావు!”

వైనీ కాదనలేదు. కూతురి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. కాగు ఎత్తి పక్కన పెట్టింది.

అడుగు అలాగే ఉంది. ఏడాది కిందటిది అంటే ఎవరూ నమ్మరు. టైరు గాట్లు, మడమ దగ్గర అరిగిన అంచూ, అన్నీ. ఇప్పుడే కాలు తీసి పక్కకి వెళ్ళినట్టు ఉంది. చుట్టూ వాకిలంతా గట్టిగా ఎండి ఉంటే అక్కడొక్కచోట మట్టి కాస్త చెమ్మగా ఉంది. ఓరా దాని పక్కన కూలబడింది. చిన్నవాళ్ళు వచ్చి చూశారు. చివరిదానికి తండ్రి మొహం గుర్తులేదు. “ఇదేనా నాన్న?” అని అడిగింది.

“ఇదే,” అంది వైనీ. “చూసుకోండి.”

చూసుకోనిచ్చింది. తర్వాత పొట్లం విప్పి, టబ్స్ బోధకుడికి చల్లినట్టే ఉప్పు చల్లింది. చీపురు తీసుకుంది. ఒక్క వేటుకి పోలేదు. మడమ ముందు పోయింది, వేళ్ళ దగ్గర లోతుగా ఉండి కాసేపు నిలిచింది. గీసి గీసి ఊడ్చింది. ఆ మట్టినీ ఉప్పునీ కలిపి గేటు దాటించి, రోడ్డు దాటించి, అవతల కాలవలో పడేదాకా తోసింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూడకూడదు కూడా.

తిరిగొచ్చి కాగుని పొయ్యి మూడు రాళ్ళ మీద నిలబెట్టింది. లోపల సాలీడు గూడు ఉంటే చేత్తో తీసేసింది.

“నీళ్ళు తేవే, ఓరా.”

ఓరా కదల్లేదు. నేను తెచ్చాను. ఊటలో నీళ్ళు ఎప్పట్లాగే ఉన్నాయి.

క్రిస్మస్ ముందు రోజు కిల్గో బావమరిది స్టేషన్లో బల్ల మీద తుపాకి పెట్టుకుని సాయంత్రం రైలు దాకా కూర్చున్నాడు. వాగు పొడుగునా పాకిన కబురు మిల్లు దాకా పాకకుండా ఉంటుందా? రైలొచ్చింది. దిగినవాళ్ళందరి మొహాలు చూశాడు. సిమ్స్ దిగాడు, ఒక ముసలావిడ దిగింది, ఎవరిదో కోళ్ళ గంప దిగింది. బావమరిది చలికి ముక్కు తుడుచుకుంటూ ఇంటికి పోయాడు.

సిమ్స్ తిన్నగా వైనీ ఇంటికొచ్చాడు. పండగ దుప్పట్లు ఉతకమని ఒక దొరసాని మళ్ళీ పంపించింది. కాగు కింద మంట పెట్టి, వైనీ కర్రతో బట్టలు తిప్పుతోంది. ఓరా కట్టెలు తోస్తోంది. తల్లితో మాటల్లేవు, పని మాత్రం చేస్తోంది.

“రాలేదు పెద్దమ్మా,” అన్నాడు సిమ్స్. “మూట కట్టుకుని అక్కడి స్టేషన్‌కి కూడా వచ్చాడంట. రైలు మెట్టు మీద కాలు పెడదామంటే లేవలేదంట. కొన్నాళ్ళ కిందట ఒక పొద్దున్న నిద్ర లేచేసరికి ఆ కుడికాలు మొద్దుబారిపోయి ఉందంట. అప్పట్నించీ ఇటు తిరగటం మానేసిందంట. ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు.”

ఏ పొద్దున్న అని నేను అడగబోయాను. జన్మలో మొదటిసారి నోరు మూసుకున్నాను.

వైనీ కర్ర ఆగింది.

“నొప్పి ఉందంటా?”

“లేదంట పెద్దమ్మా. ఏమీ తెలియటం లేదంట.”

ఆవిరి ఆమె మొహం మీదికి వస్తోంది. పక్కకి జరగలేదు.

“మంచిది,” అంది. మళ్ళీ బట్టలు తిప్పటం మొదలుపెట్టింది.